మాంకేటోలో ఆ గంట: కోరీ స్ట్రింగర్ కేసు

ప్రతి ఏడాదీ మార్చి రెండో వారంలో, ఎండలు ముదరకముందే, మా క్యాజువాల్టీకి కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్లను కూర్చోబెట్టి ఒక కేసు చెబుతాను. పేషెంటు మన ఊరివాడు కాదు. అసలు మన దేశంవాడే కాదు, కోరీ స్ట్రింగర్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. నేను అతన్ని చూడలేదు, చికిత్స చేయలేదు. కోర్టు రికార్డుల్లోనూ వార్తల్లోనూ బయటికొచ్చిన వివరాలే నాకు కేస్ షీటు.

ఇక్కడి కేసులే బోలెడు ఉండగా అమెరికా కేసు ఎందుకని మొదట్లో అందరూ అడుగుతారు. వడదెబ్బ కేసు పోయినప్పుడల్లా మన దగ్గర ఒక మాట సిద్ధంగా ఉంటుంది: "లేటుగా తీసుకొచ్చారండీ." కూలి మనిషి, పొలంలో పడిపోయాడు, ఎవరూ చూడలేదు, ఆటో దొరకలేదు. అదంతా నిజమే. కానీ కోరీ స్ట్రింగర్ విషయంలో ఆ మాట చెల్లదు. అతను పడిపోయిన చోట ఆటగాళ్ల ఆరోగ్యం చూసుకోవడానికి శిక్షణ పొందిన ట్రైనర్లు ఉన్నారు, అడుగు దూరంలో ఏసీ ట్రైలర్ (చక్రాల మీది గది) ఉంది, అదే ఊళ్లో పెద్దాసుపత్రి ఉంది, జట్టుకు డబ్బుకు కొదవ లేదు. అన్నీ ఉండి కూడా 27 ఏళ్ల మనిషి పద్నాలుగు గంటల్లో చనిపోయాడు. అందుకే ఈ కేసు.

పేషెంటు గురించి

1974 మే 8న ఒహాయో రాష్ట్రంలోని వారెన్‌లో పుట్టాడు. ఉక్కు ఫ్యాక్టరీల మీద బతికిన ఊరు. అక్కడి హైస్కూలు నుంచి ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి వెళ్లాడు, 1994లో ఆల్ అమెరికన్‌గా, అంటే దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్లలో ఒకడిగా, ఎంపికయ్యాడు. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్టు అంటారు. 1995 డ్రాఫ్టులో మొదటి రౌండులోనే, 24వ ఆటగాడిగా మిన్నెసోటా వైకింగ్స్ జట్టు తీసుకుంది. జెర్సీ నంబర్ 77, ఆడే స్థానం రైట్ టాకిల్.

అమెరికన్ ఫుట్‌బాల్ తెలియనివారికి ఒక్క ముక్క. బంతి పట్టుకుని పరిగెత్తేవాడు, విసిరేవాడు టీవీలో కనిపిస్తారు. వాళ్ల ముందు ఐదుగురు గోడలా నిలబడతారు. అవతలి జట్టు నుంచి దూసుకొచ్చేవాళ్లను ఒంటితో ఆపడమే వాళ్ల పని. టాకిల్ ఆ గోడకు చివరి ఇటుక. బంతి ముట్టుకోడు, స్కోరు చేయడు, తప్పు చేసినప్పుడే అతని పేరు వినిపిస్తుంది. 1998లో వైకింగ్స్ 16 మ్యాచ్‌ల్లో 15 గెలిచి 556 పాయింట్లు చేసింది, అప్పటికి అది లీగ్ రికార్డు. ఆ పాయింట్ల వెనక గోడలో స్ట్రింగర్ ఉన్నాడు. 2000 సీజన్‌లో రాబర్ట్ స్మిత్ 1,521 గజాలు పరిగెత్తితే దారి చేసింది ఈ గోడే. ఆ ఏడాదే స్ట్రింగర్ మొదటిసారి లీగ్‌లోని మేటి ఆటగాళ్ల మ్యాచ్ ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. ఆరు సీజన్లు ఆడి, ఆటలో మంచి ఊపు మీదున్నప్పుడు 2001 వేసవి వచ్చింది. ఇంట్లో భార్య కెల్సీ, మూడేళ్ల కొడుకు.

ఎత్తు 193 సెంటీమీటర్లు, బరువు 152 కిలోలు. కేసంతటికీ ఈ అంకెలు మనసులో పెట్టుకోండి. బరువు పెరిగేకొద్దీ లోపల పుట్టే వేడి పెరుగుతుంది, దాన్ని బయటికి పంపే చర్మం మాత్రం అదే లెక్కలో పెరగదు. చిన్న గిన్నెలో టీ ఇట్టే చల్లారుతుంది, పెళ్లివారి గంగాళంలో సాంబారు మధ్యాహ్నం దాకా పొగలు కక్కుతూనే ఉంటుంది. ఫుట్‌బాల్‌లో వడదెబ్బతో పోయినవాళ్లలో ఎక్కువమంది ఈ గోడలో నిలబడేవాళ్లే, లైన్‌మెన్లే, కావడానికి ఇదో కారణం.

జులై 30, 31

వైకింగ్స్ వేసవి క్యాంపు మాంకేటోలో, అక్కడి మిన్నెసోటా స్టేట్ యూనివర్సిటీ మైదానాల్లో జరిగేది. మిన్నెసోటా అంటే మంచు గుర్తొస్తుంది గానీ జులైలో అక్కడా ఉక్కబోత ఉంటుంది. ఆ వారం ఎండ 90 ఫారెన్‌హీట్ దాటింది. గాలిలో తేమ కూడా కలిసి హీట్ ఇండెక్స్, అంటే ఒంటికి తెలిసే వేడి, 100 పైకి పోయింది. మన రెంటచింతల వాళ్లకు ఆ అంకెలు లెక్కలోకి రావు. కానీ అక్కడివాళ్లు హెల్మెట్, భుజాల ప్యాడ్లు, దాని మీద జెర్సీ వేసుకుని ఒకరినొకరు ఢీకొంటున్నారు. చెమట కారితే సరిపోదు, ఆరాలి. ఆరినప్పుడే ఒంట్లో వేడి పోతుంది. ఉక్కలో, ప్యాడ్ల కింద, అది ఆరదు.

జులై 30 క్యాంపు మొదటి రోజు. ఆ రోజే స్ట్రింగర్ ప్రాక్టీస్ పూర్తి చేయలేకపోయాడు. వంగి రొప్పుతున్న అతని ఫోటో మర్నాడు పేపర్లో పడింది. జట్టులో అందరూ చూశారు, అతనూ చూశాడు.

ఆ ఫోటో దగ్గర నేను క్లాసులో ఆగుతాను. మెడికల్ హిస్టరీలో దానికి గడి ఉండదు. కానీ ప్రో బౌల్ ఆడొచ్చిన మనిషి, బరువు గురించి మొదట్నుంచీ మాటలు పడ్డవాడు, నిన్న ఆగిపోయి పరువు పోయిందనుకున్నవాడు ఇవాళ ఆగడు. ఒళ్లు ఆగమన్నా ఆగడు. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బకు ఉన్న రిస్క్ ఫ్యాక్టర్లలో పంతం కూడా ఒకటని నా అభిప్రాయం.

జులై 31 ఉదయం ఫుల్ ప్యాడ్లతో రెండున్నర గంటలు ప్రాక్టీస్. మధ్యలో అతను కనీసం మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. ఆపలేదు. అది అక్కడ పెద్ద వింత కాదు కూడా, క్యాంపు మొదటి రోజుల్లో వాంతులు మామూలే. చుట్టూ ఉన్నవాళ్లు పొరబడింది ఇక్కడే అని అనిపిస్తుంది. రోజూ కనిపించే లక్షణం ప్రమాదంగా కనిపించదు. మన లేబర్ అడ్డాల్లో "ఎండకి కళ్లు తిరిగాయి, కాసేపు నీడన కూర్చుంటే సర్దుకుంటుంది" అనే మాట ఎంత సులువుగా వస్తుందో ఇదీ అంతే.

ప్రాక్టీస్ ముగిశాక స్ట్రింగర్ నేల మీద వాలిపోయాడు. తర్వాత లేచి మైదానం పక్కనున్న ఏసీ ట్రైలర్‌లోకి వెళ్లాడు. నడిచే వెళ్లాడు.

ట్రైలర్ లోపల

అక్కడ పడుకున్నాడు. ఏదో కూనిరాగం తీస్తున్నాడు, తల అటూ ఇటూ ఊపుతున్నాడు. చూసేవాడికి అలసిపోయిన మనిషి చల్లటి గదిలో హాయిగా సేద తీరుతున్నట్టే ఉంటుంది. మెదడు ఉడుకుతున్నప్పుడు మనిషి ఎలా ప్రవర్తిస్తాడో తెలిసినవాడికి మాత్రం ఆ కూనిరాగం వింటే వెన్నులో చలి పుడుతుంది. వడదెబ్బ నిర్ధారణకు రెండే ఆధారాలు: లోపలి వేడి 105 ఫారెన్‌హీట్ పరిసరాల్లోకి పోవడం, మెదడు తేడా చేయడం. తేడా అంటే కోమాయే కానక్కర్లేదు. చిరాకు, పొంతన లేని మాట, తూలడం, అకారణంగా నవ్వడం, పాట పాడటం, అన్నీ అదే ఖాతాలోకి వస్తాయి. రెండో ఆధారం ట్రైలర్‌లో కళ్లెదుట ఉంది. మొదటిది కొలవలేదు.

కొలవడం అంటే ఎక్కడ కొలవాలి? ఇది మన దగ్గర కూడా పెద్ద గొడవే. శ్రమ చేసి పడిపోయినవాడికి నోట్లో, చంకలో, చెవిలో, నుదుటి మీద గన్ పెట్టి చూస్తే వచ్చే అంకె నమ్మదగ్గది కాదు. చర్మం చెమటతో తడిసి చల్లగా ఉంటుంది, లోపల కుతకుతలాడుతుంటుంది. మలద్వారం నుంచి చూసిందే లెక్క. మొహమాటపడితే పేషెంటు పోతాడు.

ఇంకో అపోహ, మన పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది: వడదెబ్బ తగిలితే చెమట ఆగిపోయి చర్మం పొడిబారుతుందని. ఇంట్లో రేకుల కింద మూడు రోజులు మగ్గిపోయిన ముసలమ్మ విషయంలో అది చాలాసార్లు నిజం. పరుగెత్తి పడిపోయిన కుర్రాడి విషయంలో కాదు. అతను చెమటతో తడిసి ముద్దై ఉంటాడు, అయినా అది వడదెబ్బే.

ఇక ఏసీ. చల్లటి గదిలోకి తీసుకెళ్లడం తప్పా? తప్పు కాదు, కానీ అది చికిత్స కాదు. నీరు ఒంటి వేడిని గాలికంటే పాతిక రెట్ల వేగంగా లాక్కుంటుంది. వేడెక్కిన ఇంజన్ను ఏసీ గదిలో పార్క్ చేస్తే ఎప్పటికి చల్లారుతుంది? ట్రైలర్ చేసిన హాని ఏమిటంటే, ఏదో చేస్తున్నామన్న తృప్తి ఇచ్చింది. అందరి టెన్షన్ తగ్గింది, అతని వేడి తగ్గలేదు.

కాసేపటికి పలకడం మానేశాడు. అంబులెన్స్ వచ్చింది. ప్రాక్టీస్ ముగిసిన దాదాపు గంట తర్వాత, మధ్యాహ్నం పన్నెండు దాటాక, ఊళ్లోని ఇమ్మాన్యుయెల్ సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రికి చేర్చేసరికి స్పృహ లేదు. అక్కడ మొదటిసారి లోపలి ఉష్ణోగ్రత చూశారు: 108.8 ఫారెన్‌హీట్. సెల్సియస్‌లో 42.7.

ఆ తర్వాత జరిగింది మన ఐసీయూల్లో ఏటా చూసేదే. కండరాలు కరిగి కిడ్నీలను మూసేస్తాయి, లివర్ దెబ్బతింటుంది, రక్తం గడ్డకట్టే వ్యవస్థ తలకిందులవుతుంది, పేగు గోడ వదులై లోపలి విషాలు రక్తంలోకి జారుతాయి. ఒక్కో అవయవం వంతులేసుకున్నట్టు చేతులెత్తేస్తుంది. ఆగస్టు 1, తెల్లవారుజామున 1:50కి స్ట్రింగర్ చనిపోయాడు.

ఇరవై నిమిషాల లెక్క

హౌస్ సర్జన్లకు ఇక్కడ చాక్‌పీస్ ఇస్తాను, బోర్డు మీద లెక్క కట్టమని. ఐసు వేసిన నీళ్ల తొట్టిలో మెడ దాకా ముంచి, నీటిని కలుపుతూ ఉంటే ఒంటి వేడి మూడు నిమిషాలకు దాదాపు ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ చొప్పున దిగుతుంది. 108.8 నుంచి 102కి రావాలంటే 6.8 డిగ్రీలు. అంటే ఇరవై నిమిషాలు. లైన్‌మన్ కాబట్టి ఇంకాస్త ఎక్కువే అనుకుందాం. అయినా అతను ట్రైలర్‌లో పడుకున్న సమయంలోనే పని అయిపోయేది. పైగా ప్రాక్టీస్ ముగిసే వేళకి వేడి 108 దాకా పోయి ఉండకపోవచ్చు కూడా, అప్పుడు ఇంకా త్వరగా దిగేది.

ఇది కాగితం మీద లెక్క కాదు. మసాచుసెట్స్‌లోని ఫాల్మత్ పరుగు పందెం ఆగస్టు ఉక్కలో జరుగుతుంది. అక్కడ 18 ఏళ్లలో 274 మంది వడదెబ్బ రోగులను ముగింపు గీత పక్కనే ఐసు నీళ్లలో ముంచారు. 274 మందీ బతికారు. ఆ లెక్కలు 2015లో ప్రచురించిన బృందంలో డగ్లస్ కాసా ఉన్నాడు. ఆయనే 1985లో, పదహారేళ్ల వయసులో, 10 కిలోమీటర్ల పందెంలో వడదెబ్బతో పడిపోయి చావు తప్పించుకున్నవాడు.

పడిపోయిన అరగంటలో వేడి దించగలిగితే మనిషి చాలావరకు మనవాడే. అందుకే ఆ రంగంలో వాళ్లు చెప్పేది: ముందు చల్లబరుచు, తర్వాత అంబులెన్స్ ఎక్కించు. మనకు వైద్యంలో నేర్పిన మిగతా అన్నిటికీ ఇది ఎదురు. గుండెపోటు, పక్షవాతం, పాముకాటు, అన్నింటికీ "ముందు ఆసుపత్రికి" అంటాం. ఇక్కడ మాత్రం ఆసుపత్రికి పరుగు తీయడమే ఆలస్యం. ఒక మినహాయింపు ఉంది: శ్వాస, నాడి పోయినవాడికి ముందు సీపీఆర్.

నా తప్పు ఒకటి కూడా ఆ బోర్డు పక్కనే నిలబడి చెబుతాను. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో, ఒక ఆసుపత్రిలో, మే నెల ఉదయం ఒక కుర్రాణ్ణి మోసుకొచ్చారు. కానిస్టేబుల్ సెలెక్షన్స్‌కి 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తూ పడిపోయాడు. ఒళ్లంతా చెమట, మాట తడబడుతోంది, వాళ్ల నాన్నను "సార్" అని పిలుస్తున్నాడు. చంకలో థర్మామీటర్ పెట్టాను, 102 చూపించింది. సెలైన్ ఎక్కించి, పారాసెటమాల్ ఇచ్చి, ఫ్యాన్ కింద పడుకోబెట్టి, నుదుటి మీద తడిగుడ్డ వేయించాను. షుగర్ చూశాను, సీటీకి రాశాను. పద్ధతిగా అన్నీ చేశాననుకున్నాను. గంటన్నర తర్వాత సీనియర్ వచ్చి మలద్వారం నుంచి చూస్తే 107. ఆ కుర్రాడు నాలుగో రోజు కిడ్నీలు ఫెయిలై పోయాడు. పారాసెటమాల్ వడదెబ్బకు పనిచేయదని, పైగా లివర్ మీద భారమని నాకు పుస్తకంలో తెలుసు. మంచం పక్కన నిలబడ్డప్పుడు గుర్తు రాలేదు. నా ఫ్యాన్ గాలికీ మాంకేటో ఏసీకీ పెద్ద తేడా లేదు.

అలవాటు పడని ఒళ్లు

స్ట్రింగర్ పడిపోయింది క్యాంపు రెండో రోజు. ఇది యాదృచ్ఛికం కాదు. ఎండలో శ్రమకు ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. అదయ్యేలోపు మొదటి నాలుగైదు రోజులే గండం. ఆరు సీజన్ల అనుభవం ఉన్నా సరే, సెలవులు ఏసీలో గడిపి వచ్చినవాడి ఒళ్లు కొత్తదే. 2001లో క్యాంపులు ఆ మొదటి రోజుల్లోనే గట్టిగా నలిపేవి, రోజుకు రెండు ప్రాక్టీసులు. స్ట్రింగర్ కంటే వారం ముందే, జులై 25న, ఫ్లోరిడా యూనివర్సిటీలో చేరబోతున్న ఎరాస్టే ఆటిన్ అనే పద్దెనిమిదేళ్ల ఆటగాడు వేసవి ప్రాక్టీసులో తగిలిన వడదెబ్బతోనే చనిపోయాడు. ఆ వార్త దేశమంతా వచ్చింది. మాంకేటోలో షెడ్యూలు మారలేదు.

కోర్టులు, ఆ తర్వాత

కెల్సీ స్ట్రింగర్ జట్టు మీద దావా వేసింది. ఉద్యోగులకు పనిలో జరిగే హానికి పరిహార చట్టం ఉండటంతో మామూలు నిర్లక్ష్యం రుజువైతే చాలదు. ట్రైనర్లు అతని పట్ల వ్యక్తిగతంగా బాధ్యత తీసుకున్నారని చూపించాలి. 2005లో మిన్నెసోటా సుప్రీంకోర్టు ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ట్రైనర్లు చేసింది ఉద్యోగంలో భాగంగానే అని కోర్టు అంది. వైద్యుడిగా చూస్తే తేలాల్సింది ఏదీ ఆ తీర్పులో తేలలేదు, ఎందుకంటే కోర్టు ముందున్న ప్రశ్న వేరు. ఎన్ఎఫ్ఎల్ మీద వేసిన దావా 2009 జనవరిలో రాజీ అయింది, వడదెబ్బ నివారణకు కలిసి పనిచేయడానికి లీగ్ ఒప్పుకుంది. అదే ఏడాది ఒహాయో ఫెడరల్ కోర్టు హెల్మెట్ల కంపెనీ రిడెల్ విషయంలో, హెల్మెట్, ప్యాడ్లు వడదెబ్బకు దోహదం చేస్తాయని హెచ్చరించే బాధ్యత కంపెనీకి ఉందని చెప్పింది.

2010లో కనెక్టికట్ యూనివర్సిటీలో కోరీ స్ట్రింగర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. కెల్సీ వెనక ఉండి పెట్టించింది, నడిపేది పైన చెప్పిన డగ్లస్ కాసా. 2011 ఒప్పందంతో ఎన్ఎఫ్ఎల్‌లో ఫుల్ ప్యాడ్లతో రోజుకు రెండు ప్రాక్టీసులు పోయాయి. ఇప్పుడు ప్రాక్టీస్ మొదలవకముందే మైదానం అంచున ఐసు నీళ్ల తొట్లు పెడతారు.

ప్రొఫెషనల్ లీగ్ నేర్చుకుంది గానీ కింది స్థాయికి అది పూర్తిగా దిగలేదు. 2018 మే 29న మేరీలాండ్ యూనివర్సిటీలో పందొమ్మిదేళ్ల జోర్డన్ మెక్‌నేర్ పరుగుల మధ్య కుప్పకూలాడు. అతనూ లైన్‌మనే. ఉష్ణోగ్రత చూడలేదు, ఐసు తొట్టిలో ముంచలేదు. జూన్ 13న చనిపోయాడు. స్ట్రింగర్ పోయి అప్పటికి పదిహేడేళ్లు. అమెరికాలో ఉండి పిల్లల్ని హైస్కూలు ఫుట్‌బాల్‌కో క్రాస్ కంట్రీ పరుగుకో పంపుతున్న మనవాళ్లు నాకు ఫోన్ చేసినప్పుడు నేను అడగమనేది ఒక్కటే: "మీ స్కూల్లో తొట్టి ఉందా? ఉంటే ఎక్కడుంది, స్టోర్ రూమ్‌లోనా, గ్రౌండ్ పక్కనా?"

తొట్టి ప్రశ్న

క్లాసు అయ్యాక ఎవరో ఒకరు తప్పకుండా అడిగేది: మన దగ్గర ఆ తొట్లు ఎక్కడివి సార్?

అక్కడ చాలాచోట్ల వాడేది పశువులకు నీళ్లు పెట్టే తొట్టే. మన కుడితి తొట్టికి ప్లాస్టిక్ అన్నదమ్ముడు. 2015 వేసవిలో ఆంధ్ర, తెలంగాణల్లో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు రెండు వేలమంది వడదెబ్బకు పోయారు. ఆ రోజుల్లో మా వార్డు బయట కావలసినన్ని సెలైన్ పెట్టెలు ఉన్నాయి, ఒక్క తొట్టి లేదు. ఇప్పుడు మా క్యాజువాల్టీ వెనక బట్టల సోడా కంపెనీ వాళ్లు పారేసిన నీలం డ్రమ్మును నిలువునా కోయించి పెట్టాను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఐసు ఫ్యాక్టరీ నుంచి రోజూ రెండు దిమ్మలు వస్తాయి. దిమ్మల మీద గోనెసంచి కప్పి ఉంచుతారు. పక్కన మేకుకి రెక్టల్ థర్మామీటరు. ముసలివాళ్లకు, గుండె జబ్బున్నవాళ్లకు ముంచడం కష్టం, వాళ్లకు ఒళ్లంతా తడిపి గట్టిగా ఫ్యాన్లు పెడతాం. కుర్రాళ్లయితే తొట్టే.

అదీ లేకపోతే టార్పాలిన్. కోతల కాలంలో ప్రతి ఇంట్లో ఉండే పట్టా. మనిషిని మధ్యలో పడుకోబెట్టి, నాలుగు పక్కలా ఎత్తి పట్టుకుని, లోపల ఐసు నీళ్లు పోసి అటూ ఇటూ ఊపాలి. తొట్టంత వేగం రాదు గానీ దగ్గరికొస్తుంది.

పోయినేడు ఒకమ్మాయి చేయెత్తింది. "సార్, 152 కిలోల మనిషిని ఎవరు ఎత్తుతారు?"

ఆ ఉదయం మాంకేటో మైదానంలో ఉన్నవాళ్లు ఎవరో, వాళ్ల ఒడ్డూ పొడుగూ ఎంతో ఆమెకు చెప్పాను. కరువైంది పట్టా ఒక్కటే. పట్టుకోవడానికి మనుషులు కాదు.